చీము ఉంది, కల్చర్‌లో ఏమీ లేదు

ముక్కు మూసుకునేంత కంపు, కల్చర్ (చీములోని క్రిముల్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో మాత్రం ‘నో గ్రోత్’, అంటే ఏమీ పెరగలేదని. మందు మార్చే ముందు శాంపిల్ ఎలా తీశారో అడగండి.

ఇలాంటి చోట అనుమానించాల్సింది అనెరోబ్‌లను, అంటే ఆక్సిజన్ తగిలితే బతకని క్రిముల్ని. దూదిపుల్లతో అద్దితే సగం దారిలోనే పోతాయి. సిరంజితో 2 మి.లీ. చీము లాగి, గాలి బుడగ బయటికి నెట్టి, సూది తీసేసి స్టెరైల్ మూత బిగించాలి. ఐస్ డబ్బా వద్దు. చల్లబడేకొద్దీ ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది. అలాగని మే నెల బెజవాడ ఎండలో బైకు డిక్కీలో వేసుకుని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉడికించడమూ తప్పే. అరగంటలో ల్యాబుకు చేరితే మంచిది. అక్కడ ఆక్సిజన్ లేకుండా వీటిని పెంచే జాడీని 48 గంటల ముందు తెరవకూడదు. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) క్రిములు కనబడి, గాలిలో పెంచే మామూలు ప్లేటు మీద రాకపోతే అనుమానం వీటి మీదే.

ఇక మందులు. ఈ క్రిముల్లో ఒకటైన బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ పెన్సిలిన్‌ను విరిచే ఎంజైము తయారుచేస్తుంది. క్లిండామైసిన్‌ను దీనిమీద గుడ్డిగా నమ్మలేం. మెట్రోనిడజోల్ ఇప్పటికీ చాలావరకు పనిచేస్తుంది గానీ, ఈ మందును తట్టుకునే ‘నిమ్’ జీన్లున్న రకాలు తప్పించుకోగలవు. జెంటామైసిన్ సంగతి వేరు: అది క్రిమి కణంలోకి వెళ్లాలంటేనే ఆక్సిజన్ కావాలి, కాబట్టి వీటిమీద పనిచేయదు. పిపరాసిల్లిన్-టాజోబాక్టమ్ వీటిమీద కూడా పనిచేస్తుంది కాబట్టి, అది ఎక్కుతుండగా అలవాటుగా మెట్రోనిడజోల్ కలపడం చాలా కేసుల్లో దండగ, వాంతులు అదనం.

మందేసినా జ్వరం తగ్గలేదంటే రెసిస్టెన్స్ (క్రిమి మందుకు లొంగకపోవడం) కన్నా ముందు స్కానింగ్‌లో వెతకాల్సింది, లోపల మిగిలిపోయిన చీము గడ్డను.