ఒక కాగితపు చేప, మూడు గోడలు

పర్లాకిమిడిలో నేను పనిచేసే చిన్నపిల్లల బడిలో ఒక గదికి మూడు గోడల నిండా కాగితపు సంచులు వేలాడుతుంటాయి. ఒక గోడ తెలుగుది, ఒకటి ఒడియాది, ఇంకొకటి ఇంగ్లీషుది. సంచి మీద అక్షరం అతికించి ఉంటుంది, లోపల ఆ అక్షరంతో పేరు మొదలయ్యే కాగితపు బొమ్మలు ఉంటాయి. మూడు గోడలకూ కలిపి మా దగ్గర ఉన్నది ఒకే ఒక చేప. నీలం చార్టు కాగితంతో చేసిన ఆ చేప పొద్దున తెలుగు గోడ మీద ‘చ’ సంచిలో ఉంటుంది. ఒడియాలో దాని పేరు ‘మాఛ’ కాబట్టి ఆ పాఠం మొదలవగానే ఒడియా గోడ మీది ‘మ’ సంచిలోకి వెళ్తుంది, ఇంగ్లీషు వేళకు ‘ఎఫ్’ సంచిలోకి మారుతుంది. దానిని మోసుకువెళ్ళే వంతు ఎవరిదని నాలుగేళ్ళ పిల్లలు రోజూ తగవు పడుతుంటారు. ఇంకో రెండు చేపలు కత్తిరించడం పెద్ద పనేమీ కాదు. కాని ఒకటే ఉండాలని నేనే పట్టుబట్టాను. అందుకు కారణం చెప్పాలంటే ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను చేసిన పొరపాటు దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఒంగోలు. మావారి ఉద్యోగం కోసం 2013లో ఇక్కడికి వచ్చాము. పలాసలో రైలు దిగి, టెక్కలి మీదుగా బస్సులో పాతపట్నం చేరితే, దానికి ఆనుకునే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ ఊరు అందులోకి వెళ్ళింది. బజారులో ఒడియాతో సమానంగా తెలుగు వినిపిస్తుంటే, పరాయి రాష్ట్రానికి వచ్చినా నాకేమీ ఇబ్బంది ఉండదనుకున్నాను. వారం తిరగకముందే ఆ ధీమా పోయింది. బస్సు మీది పేరు, మందుల దుకాణం బోర్డు, కరెంటు బిల్లు, ఏదీ చదవలేకపోయాను. డిగ్రీ చదివి, ఒంగోలులో రెండేళ్ళు నర్సరీ పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని ఇక్కడ చదువు రానిదాన్నయ్యాను. బడిలో ఉద్యోగం దొరికాక, పిల్లలతో పాటు నేనూ ఒడియా అక్షరాలు దిద్దుకున్నాను. అక్షరం తెలియనప్పుడు కళ్ళకు ఏమి కనిపిస్తుందో పెద్దయ్యాక మరొకసారి తెలుసుకునే అవకాశం చాలామంది టీచర్లకు రాదు. నాకు వచ్చింది. నా పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన విషయాలన్నీ ఆ ఏడాది నుంచే వచ్చాయని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ తొలి బడి పేరు చెప్పను. అక్కడ ఇంగ్లీషు అక్షరాలకు కాగితపు బొమ్మలు చేయించాలని పెట్టెలు తెప్పించారు. ‘ఎ’ అక్షరాన్ని అడ్డంగా తిప్పి పళ్ళు అతికిస్తే మొసలి, ‘బి’కి రెక్కలు పెడితే సీతాకోకచిలుక, ‘ఐ’ దగ్గర మంచు ఇల్లు, ‘ఎక్స్’ దగ్గర మా ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడని ఒక వాయిద్యం. తరగతిలో 35 మంది పిల్లలు, 26 అక్షరాలు, అంటే 910 బొమ్మలు. తల్లిదండ్రుల సమావేశం నాటికి గోడలన్నీ నిండాలి, ఏ బొమ్మా వంకరగా ఉండకూడదు అన్నారు. మూడేళ్ళ పిల్లల చేతిలో బొమ్మ వంకరగా రాకుండా ఎలా ఉంటుంది? రాత్రి వంట ముగించుకుని కూర్చుని నేనూ, తోటి టీచర్లూ కత్తిరించి, సరిచేసి, అతికించాము. గోడలు చూసి అందరూ మెచ్చుకున్నారు. మూడు వారాల తరువాత ‘ఎ’ కాగితాన్ని తీసి ఒక పాపకు చూపించి, “ఇదేమి అక్షరం, తల్లీ?” అని అడిగాను. “మొసలి” అంది. పళ్ళూ కళ్ళూ తీసేసి వట్టి అక్షరాన్ని చూపిస్తే అసలు గుర్తుపట్టలేదు. తప్పు పాపది కాదు. మేము ఆమెకు బొమ్మ చూపించాము, అక్షరాన్ని దాని వెనుక దాచిపెట్టాము.

అప్పటి నుంచి నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. అక్షరం మీద కళ్ళూ తోకలూ అతికించకూడదు, అక్షరం అక్షరంగానే ఉండాలి, బొమ్మ దాని పక్కన విడిగా ఉండాలి. రెండవది, బొమ్మ పేరు పిల్లల నోట్లోంచే రావాలి, నేను చెప్పకూడదు.

చేతిపని విషయంలోనూ వరుస ఉంది. మూడేళ్ళ పిల్లల చేతికి నేను కత్తెర ఇవ్వను, ముందు కాగితం చింపిస్తాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని ఒక చేతిని ముందుకూ ఒక చేతిని వెనక్కూ లాగడం వస్తే, రేపు పెన్సిలు పట్టడానికి అవే వేళ్ళు పనికివస్తాయి. మా ఊరికి తెలుగు పత్రికలూ వస్తాయి, ఒడియా పత్రికలూ వస్తాయి, పాతవి అడిగితే అందరూ ఇస్తారు. పత్రిక కాగితాన్ని నిలువునా చింపితే తిన్నగా పీలికలు వస్తాయి, అడ్డంగా చింపితే ఎటో పోతుంది. ఈ సంగతి నేను చెప్పకుండానే పిల్లలు కనిపెట్టి, కాగితాన్ని తిప్పి పట్టుకోవడం మొదలుపెడతారు. చింపడం కుదిరాక అంచు మీద చిన్న చిన్న గాట్లు పెట్టడం, తరువాత తిన్నటి గీత మీద కత్తిరించడం, నాలుగు దాటాక వంపు తిరిగిన గీత. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి తెలుగు, ఒడియా అక్షరాలను పిల్లల చేత కత్తిరించే పని పెట్టుకోను. నేను గీసిన అక్షరం మీద వాళ్ళు చింపిన ముక్కలను వరుసగా అతికిస్తారు, నేను బాణం గుర్తు పెట్టిన చోట మొదలుపెట్టి, చేయి తిరగవలసిన దిక్కుకే వెళ్తారు. జిగురు మైదాపిండితో కాచుకుంటాము. పుస్తకాలు బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల వేళ్ళేమో నోట్లోకి పోతాయి, కనుక మేము కలపము. రెండు రోజులకొకసారి కొత్తగా కాచే ఓపిక మా బడిలో పిల్లలను చూసుకునే మౌసీది. ఆమె లేకపోతే ఈ పని ఒక్క వారం కూడా సాగదు.

అన్ని అక్షరాలకంటే ముందు మేము చేసేది కాగితపు గాజు. ఒంగోలులో మా అమ్మ నాకు పళ్ళెంలో బియ్యం పోసి వేలు పట్టుకుని ‘ఓం నమఃశివాయ’ దిద్దించింది. ఇక్కడి ఒడియా ఇళ్ళలో వినాయక చవితి నాడు పిల్లల చేత సుద్దముక్క పట్టించి, బ్రహ్మ, విష్ణు, మహేశ్వరుల పేరున నేల మీద మూడు గుండ్రాలు గీయిస్తారు. దానిని ‘ఖడిఛుఆఁ’ అంటారు. మొదటిసారి పొరుగింట్లో అది చూసినప్పుడు, ఇంతకంటే మంచి మొదటి పాఠం ఉండదనిపించింది. పీలికను చుట్టి రెండు కొసలూ అతికిస్తే గాజవుతుంది. తెలుగు గోడ దగ్గర అది సున్న. ఒడియా గోడ దగ్గర అదే గుండ్రం ‘ఠ’ అవుతుంది, ఇంగ్లీషు గోడ దగ్గర ‘ఓ’ అవుతుంది. తెలుగులో దానిమీద మడిచిన కాగితపు తలకట్టు పెడితే ‘ర’, మధ్యలో ఒక చింతపిక్క అతికిస్తే ‘ఠ’. ఒడియాలో చాలా అక్షరాలకు తల మీద గొడుగులాంటి వంపు ఉంటుంది, దానికి సగం గాజు చాలు. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో అడ్డగీత గీస్తే ఆకు చీలిపోయేదని, అందుకే రెండు లిపులూ ఇలా గుండ్రపడ్డాయని పెద్దలు చెబుతారు. పిల్లలకు ఆ చరిత్ర అక్కరలేదు గాని, ఒక చేత్తో చుట్టిన గాజు మూడు చోట్ల మూడు పేర్లతో పలకడం వాళ్ళకు ఎంతకీ తీరని ఆశ్చర్యం. చేప ఒకటే ఉండాలని నేను పట్టుబట్టిందీ అందుకే.

పేర్ల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఒడియా వర్ణమాల కూడా అ ఆ ఇ ఈ వరుసలోనే నడుస్తుంది, కాని మొదటి అక్షరాన్ని వాళ్ళు మన ‘అ’లాగా పలకరు, పెదవులు గుండ్రంగా పెట్టి మన ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. హల్లులో ఉండే ‘అ’ కూడా అంతే. గుడ్డును ‘అండా’ అని రాస్తారు, వినడానికి ‘ఒండా’ లాగా ఉంటుంది. ఒకనాడు తెలుగింటి పిల్లవాడొకడు ఒడియా పాఠంలో ఆ మాట విని, కాగితపు గుడ్డును తీసుకువెళ్ళి తెలుగు గోడ మీది ‘ఒ’ సంచిలో వేశాడు. పక్క పిల్లలు తప్పు తప్పని అరిచారు. నేను వాడిని దగ్గరకు తీసుకున్నాను. వాడు విన్నది అక్షరాలా నిజం. చెవి అంత శుభ్రంగా పనిచేస్తున్న పిల్లవాడికి తప్పు చేశావని చెప్పడం కంటే అన్యాయం లేదు. ఆ గోడ దగ్గర నోరు ఎలా తెరవాలో, ఈ గోడ దగ్గర ఎలా తెరవాలో ఇద్దరమూ అద్దంలో చూసుకుంటూ పలికాము. అద్దం అప్పటి నుంచి గదిలోనే ఉంది.

ఈ ఊరు కొమ్ముతో చేసే బొమ్మలకు పేరు పొందింది. మా బడిలో ఒకరి తండ్రి ఆ పనే చేస్తారు. ఆయన కాగితం మీద కొంగను గీసి ఇస్తే, మెడ వంపు ఒక్క గీతలో వచ్చింది. ఆ కొంగ తెలుగులో ‘క’, ఒడియాలో ‘బగ’ కాబట్టి ‘బ’.

పిల్లల నోట్లో ఉన్న మాటతోనే చదువు మొదలుపెట్టాలన్న ఆలోచన ఈ ఊరికి కొత్తది కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు ఇక్కడే బడిలో పాఠాలు చెప్పారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను వారి నుంచే నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు. పర్లాకిమిడి ఒడిషాలోకి వెళ్ళిన 1936లోనే ఆయన ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగువాళ్ళందరూ తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. ఆ రోజు మా బడిలో ఉపన్యాసాలేమీ ఉండవు, పిల్లలు ఇంటి నుంచి ఒక్కొక్క మాట తెస్తారు, దానికి బొమ్మ చేస్తాము. సవర పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్న ఏడాది వాళ్ళ మాటలకూ చేశాము. ఆ మాటలను ఏ గోడకు పెట్టాలో తెలియక కిటికీకి కట్టాము. అది ఇప్పటికీ నాకు కొరతగానే ఉంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఈ జిల్లా ఎంత దెబ్బతిన్నదో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎన్నో ఇళ్ళు పోయిన చోట కాగితపు సంచుల గురించి బాధపడడానికి మనసు రాలేదు గాని, బడి తెరిచిన రోజు పైకప్పు రేకు లేచిపోయిన గదిలో నాలుగేళ్ళ పని నేల మీద ముద్దయి కనిపించినప్పుడు కన్నీళ్ళు ఆగలేదు. మౌసీ మాత్రం ఆ ముద్దను పారవేయనివ్వలేదు. తడిసిన కాగితాన్ని రోట్లో రుబ్బి, నానబెట్టిన మెంతులు నూరి కలిపి, బుట్టలకు పూసే గుజ్జు చేసింది. ఆ గుజ్జును అట్టల మీద అక్షరాల ఆకారంలో పెట్టి ఎండలో ఆరబెట్టాము. ఆరాక అక్షరం వేలెడు మందాన పైకి లేచి, వేలితో తడిమితే తెలిసేటట్టు గరుకుగా నిలిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి గారి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలు వేలితో తడుముతారు. అవి కొనే స్తోమత మా బడికి ఎప్పుడూ లేదు. ఇప్పుడు మాకు అంతకంటే మంచివి ఉన్నాయి. కళ్ళు మూసుకుని తడిమి, ఇది ఫలానా అక్షరమని పిల్లలు చెప్పినప్పుడల్లా, మొసలి అన్న ఆ పాప నాకు గుర్తుకు వస్తుంది.

గుజ్జు అక్షరాలు వచ్చాక బొమ్మలన్నీ మళ్ళీ కొత్తగా కత్తిరించుకున్నాము. ఆ పనిలో ఉండగానే ఒక ఆకుపచ్చ సొరకాయ కత్తిరించి ‘స’ సంచిలో వేయమని ఒక పాప చేతికి ఇచ్చాను. ఆమె దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “సొరకాయేటి టీచరమ్మా? ఆనపకాయ కదా!” అని, తీసుకువెళ్ళి ‘ఆ’ సంచిలో వేసింది. ఒంగోలులో నేను పుట్టి పెరిగిన మాట, ఇక్కడి తెలుగింట్లో లేదు. బొమ్మ పేరు పిల్లల నోట్లోంచే రావాలని నియమం పెట్టుకున్న నేను ఆరోజు మాట్లాడకుండా తల ఊపాను. ఏళ్ళ తరబడి నేను చింతగింజలన్నవి కూడా వాళ్ళకు చింతపిక్కలేనని అప్పుడే పట్టించుకుని, నా మాట మార్చుకున్నాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు అదే గదిలో కూర్చుంటుంది. పోయిన సంక్రాంతికి మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు గోడలన్నీ తిప్పి చూపించి, “అమ్మమ్మా, ఇది ఆనపకాయ” అంది. “సొరకాయరా, బంగారూ” అంది మా అమ్మ. ఇద్దరూ నా వైపు చూశారు. చేప విషయంలో ఒకటే ఉండాలని పట్టుబట్టినదాన్ని, సొరకాయకు మాత్రం మరుసటి రోజు రెండవది కత్తిరించి ‘స’ సంచిలో వేశాను.