కెనాయ్ ఫ్యోర్డ్స్ చూసొచ్చాం

కెనాయ్ ఫ్యోర్డ్స్ అంటే అమెరికాలోని అలాస్కాలో ఉన్న నేషనల్ పార్క్. దాని దగ్గర్లోని ఊరు సీవర్డ్‌లో పడవెక్కి అయాలిక్ గ్లేసియర్ (హిమానీనదం) దాకా వెళ్లాం. దాని ముందు ఇంజిన్ ఆపేశారు. నీలంగా మెరిసే ఆ మంచు గోడ నుంచి పెద్ద పెళ్ల ఊడి సముద్రంలో పడటం ముందు కనిపించింది, ఉరుములాంటి చప్పుడు ఆ తర్వాత వినిపించింది. మంచు పలకల మీద పడుకున్న సీల్స్ తల కూడా ఎత్తలేదు. వాటికిది మామూలే మరి!

మర్నాడు ఎగ్జిట్ గ్లేసియర్ వైపు నడిచాం. ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో దారి పొడవునా బోర్డులు పెట్టారు. 1917 బోర్డు చుట్టూ ఇప్పుడు చెట్లే. 2010 అంటే మొన్నమొన్నటి సంగతి కదా, ఆ బోర్డు దగ్గర నిలబడినా మంచు ఎక్కడో దూరంగా, పైన ఉంది. మనసు చివుక్కుమంది.

వెళ్లేవాళ్లు ఎండాకాలమే కదా అనుకోకుండా మంకీ క్యాప్ పెట్టుకెళ్లండి. పడవ మీద ఆ గాలికి పళ్లు టకటకలాడతాయి.