కొవ్వూరులో ఆగిన ప్యాసింజరు

పదింటికల్లా రాజమండ్రిలో దిగిపోతావని మా పిన్ని ఏలూరులో ధీమాగా రైలెక్కించింది. పదిన్నరకి ఇంకా కొవ్వూరులోనే ఉన్నాం. వెనక వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటి వంతెనెక్కి వెళ్లిపోతున్నాయి. ప్యాసింజరు టికెట్టు కొన్నవాళ్ల టైముకి విలువ లేదా అని ఒళ్లు మండింది. కనపడుతున్న అవతలి గట్టుకి చేరడానికి గంటకి పైగా పడిగాపులు!

నేను సరదాకి బయల్దేరలేదు. మూడేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. కథాకాలం 1881. ఊరు రాజమండ్రి. ఏలూరు వైపు నుంచి ఒక బాలవితంతువు ఆ ఊరికి వస్తుంది. ఆమెని పెళ్లాడటానికి ఒక కుర్రాడు ముందుకొస్తాడు. ఆ ఏడాది డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు గోగులపాటి శ్రీరాములుకీ గౌరమ్మకీ చేయించిన పెళ్లే నా కథకి ఆధారం. వితంతు వివాహానికి చట్టం 1856లోనే వచ్చింది. అది రాజమండ్రిలో ఒక పెళ్లిపందిరి దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. నా నవల ఆ పందిట్లోనే ముగుస్తుంది. మొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

ఎదురు సీట్లో ఒక మామ్మగారు, ఆవిడ పక్కన ఏడెనిమిదేళ్ల పిల్లాడు. నా ఒళ్లో కాగితాలు చూసి, "ఏం రాసుకుంటన్నావమ్మా?" అని అడిగారు. రైలు కదిలేలా లేదు కదా, మొదటి అధ్యాయం నుంచి చెప్పడం మొదలుపెట్టాను. పిల్ల ఏలూరులో రైలెక్కి, రాజమండ్రి స్టేషన్లో ఒంటరిగా దిగుతుంది...

"ఎప్పటి మాటమ్మా ఇది?"

"నూట నలభై ఏళ్ల కిందటిదండీ."

"అప్పుడు రైలెక్కడిది? మా తాత చిన్నప్పుడు గోదారి పడవ మీదే దాటేవోరంట. ఆ పాత వంతెన అప్పటికింకా లేదంట."

నాకు నోట మాట రాలేదు. హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు తిరగడం మొదలైంది 1900లో. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, నోట్సులో రాసుకున్నదే. కానీ ఆ సంవత్సరాన్నీ నా కథాకాలాన్నీ ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఎంతో ఇష్టపడి రాసుకున్న స్టేషన్ సీను మొత్తం తీసేయాలి. నా పిల్ల ఏలూరు కాలువలో పడవెక్కి విజ్జేశ్వరం లాకుల దాకా రావాలి. అక్కడి నుంచి ఆనకట్టకి ఎగువన గోదావరి దాటాలి. రైలైతే కొన్ని గంటల్లో తెచ్చి దింపేది. పడవంటే దారిలో రాత్రి పడుతుంది. పడవలో ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారు? చెంబుడు నీళ్లు ఎవరిచ్చారు? ఈ ప్రశ్న నాకు అంతవరకూ తట్టనే లేదు.

పిల్లాడు కిటికీ దగ్గరికి జరిగాడు. మీ మనవడా అని అడిగాను.

"మా అక్క మనవడమ్మా."

అక్కంటే తోడబుట్టిన ఆవిడే అనుకున్నాను. కాదట. ఈవిడ భర్త ముందు కట్టుకున్న భార్య. ఈవిడ రెండో ఆవిడ. ఆయన పోయేనాటికి ఇద్దరికీ నలభై ఏళ్లు దాటలేదు. "ఇంక ఎవరి దారి వాళ్లదే అన్నారమ్మా ఊళ్లో. ఎక్కడికి పోతాం? పొలం పంచమంటే పంచుతారు. పొయ్యెలా పంచుకుంటాం?" ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఈవిడకి పిల్లల్లేరు. అక్క కొడుకూ కోడలూ కువైట్ వెళ్లారు, పిల్లాణ్ని వీళ్లకి అప్పజెప్పారు. నిరుడు అక్క పోయింది. ఇవాళ్టికి ఏడాది. కోటిలింగాల రేవులో మునిగి, దీపం వదిలి, సాయంత్రం బండికి వెనక్కి వెళ్లిపోతారు.

"బళ్లో చేర్చినప్పుడు ఏమవుతారని అడిగారమ్మా. ఏం చెప్తాను, నాయనమ్మనే రాయించాను."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి పిల్లాడి వీపు మీద ఉంది. అప్పుడే రైలు కదిలింది. వంతెన మీద పిల్లాడు రూపాయి బిళ్ల విసిరాడు. పక్కన రైళ్లు తిరగని పాత వంతెన రాతి స్తంభాలు. ఇందాకటి కోపం ఎటు పోయిందో తెలియదు.

మా ఇంట్లోనూ ఒకావిడ ఉండేది. మా నాన్నగారి మేనత్త. పదకొండేళ్లకి భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, చనిపోయేదాకా వండిపెట్టింది. అందరికీ ఆవిడ అత్తయ్యే. అసలు పేరు నాకు పదో తరగతిలో గానీ తెలియలేదు. ఇంట్లో పెళ్లి జరిగితే పెరట్లో పొయ్యి దగ్గరే ఉండేది, పందిట్లోకి వచ్చేది కాదు. నవల రాయాలన్న పట్టుదల నాకు ఆవిడ వల్లే వచ్చింది. అయినా అందులో వంటింటికి ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు.

స్టేషన్ బయట ఆటోకి నూట యాభై అడిగారు, వందకి దింపారు. పంతులుగారి ఇల్లు చూశాను. ఆయన 1890లో కట్టించిన టౌన్‌హాలు చూశాను. మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేశానో కూడా సరిగ్గా గుర్తులేదు. బుర్ర నిండా రాజ్యలక్ష్మమ్మగారే.

పంతులుగారి భార్య ఆవిడ. పదేళ్లు నిండకుండానే ఆ ఇంటికి కోడలైంది. పిల్లలు పుట్టలేదు. పెళ్లిళ్లు మొదలయ్యాక ఊరు వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చుకుంది, ఆవిడే వండింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, తన కూతుళ్లలా చూసుకుని పెళ్లిళ్లు చేసి పంపింది. ఈ పెళ్లిళ్లకి కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. ఆ డబ్బు లేకపోతే పని సాగేది కాదు, కాదనను. కానీ రోజూ తెల్లారేసరికి నీళ్లు కావాలి. 1910లో కన్నుమూసేదాకా ఆ సంసారాన్ని మోసింది ఆవిడే. పందిట్లో తలంబ్రాలు పడేదాకా రాసి కలం పక్కన పెట్టేసిన నాకు ఆవిడ బరువు ఎలా తెలుస్తుంది?

మూడింటికి పుష్కరాల రేవుకి వెళ్లాను. గట్టు మీద గోదావరి నీళ్లు పట్టుకెళ్లడానికి ప్లాస్టిక్ క్యాన్లు అమ్ముతారు. అయిదు లీటర్లది అరవై అన్నారు. ఊళ్లో కొట్టులో ముప్పైకి వస్తుంది. బేరమాడాలనిపించలేదు, ఇచ్చేశాను. మెట్లు దిగి, నీళ్లు ముంచుకుని, ఆ ఇంటి వైపు నడిచాను. ఆవిడ ఏ రేవులో ముంచేదో, ఏ దారిన నడిచేదో నాకు తెలియదు. ఆ బరువు చేతికి తెలియాలి, అంతే.

మెట్లు ఎక్కేసరికే వేళ్ల మీద పిడి ఒత్తుకుపోయింది. ఒక సందు దాటాక చెయ్యి మార్చాను. మళ్లీ మార్చాను. నిండు బిందె ఇంతకి మూడింతలు ఉంటుంది, నడుం మీద మోయాలి. ఒక్క బిందెతో సరిపోదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అరుగుల మీద ఊరంతా చూస్తూ ఉంటుంది. పక్కనుంచి ఒక్క పలకరింపు ఉండదు. మా ఫ్లాట్లో ట్యాంకర్ రెండు గంటలు ఆలస్యమైతే నేను ఎంత విసుక్కుంటానో గుర్తొచ్చింది.

నవల పెళ్లి దగ్గర ఆగదని అక్కడే తేలిపోయింది. పెళ్లి మర్నాడు పొద్దున్నే ఆ ఇంట్లో బిందె ఎవరు ఎత్తుకున్నారన్న దగ్గర అసలు కథ మొదలవుతుంది. నా పిల్ల కూడా ఇంకో బిందె తీసుకుని ఆవిడ వెనకే రేవుకి నడుస్తుంది. ఇద్దరూ దారిలో ఏం మాట్లాడుకుంటారో రాయాలి. ప్రేమకథ ఆ కుర్రాడితో ఒక్కటే కాదు, ఇక్కడ కూడా ఉంది.

ఆ ఇంటికి ఇంకొంచెం దూరం ఉందనగా క్యాన్ కింద పెట్టి నిలబడ్డాను. ముగ్గు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నావిడ చూసి అడిగింది.

"ఎవరింటికండీ, గోదారి నీళ్లు?"

"పంతులుగారింటికండీ. వీరేశలింగం గారింటికి."

"అక్కడ ఇప్పుడెవరూ కాపురం ఉండరు కదండీ."

తెలుసన్నట్టు తలూపాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నా చేతి వైపు చూసి ముగ్గు గిన్నె పక్కన పెట్టింది. మెట్టు దిగి వచ్చి, క్యాన్ తీసి అరుగు మీద పెట్టింది.

"వేళ్లు ఎలా కందిపోయాయో చూడండి. కాసేపు కూర్చోండి."