యాసంగి కోతలకు ముందు పాత ట్రాలీ పని: ఇప్పటిదాకా

మా చిన్నాయన పాత ట్రాలీని కోతలు మొదలయ్యే లోపు రోడ్డుకు సిద్ధం చేయాలని పెట్టుకున్నా. నా ఉద్యోగం నల్లగొండలో, ఊరు తిప్పర్తి పక్కన. బండ్ల పనంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం కాబట్టి ఆదివారాలు దీనికే. మా దగ్గర ట్రాక్టరుకు ఆయిలూ ఫిల్టరూ టైముకు మారుస్తారు, ట్రాలీని మాత్రం టైరు పేలితేనే చూస్తారు. 40 కిలోల బస్తాలు 100 వేస్తే వడ్ల బరువే 4 టన్నులు. లాగే ట్రాక్టరు మహా అయితే రెండు టన్నులు ఉంటుంది. అందుకే నేను ట్రాలీతోనే మొదలుపెట్టా.

మార్చి మొదట్లో: హబ్బులు

ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, రెండో చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాకే జాకీ ఎత్తా. యాక్సిల్ కింద గట్టి చెక్క దిమ్మెలు పేర్చా. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరకూడదు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కుడి వైపు లూజు తెలిసింది. హబ్బు, అంటే చక్రం నడుమ బేరింగులు కూర్చునే భాగం, విప్పితే గ్రీజు నల్లగా, ఇసుక కలిసి ఉంది. బేరింగులను డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి చూస్తే కుడి వైపు లోపలి బేరింగు రోలర్ల మీద గుంటలు పడ్డాయి. బేరింగుతో పాటు అది తిరిగే కప్పు (బయటి రింగు) కూడా మార్చాలి, పాత కప్పులో కొత్త బేరింగు ఎక్కువ కాలం నిలవదు. గ్రీజు బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ ఎలాగూ కొత్తదే వేశా. గ్రీజు పైపైన పూస్తే సరిపోదు. అరచేతిలో వేసుకుని బేరింగును దానికేసి నొక్కుతూ ఉంటే రోలర్ల సందుల్లోంచి అవతలికి రావాలి.

ఇక నట్టు బిగింపు. ఈ పనిలో ఓపిక కావాల్సింది ఇక్కడే. చక్రాన్ని తిప్పుతూ, అది బరువెక్కేదాకా బిగించి, తర్వాత కొద్దిగా వెనక్కి వదలాలి. చక్రం సాఫీగా తిరగాలి, ఊపితే కదలకూడదు. చివర్లో నట్టు ఊడకుండా కొత్త కాటర్ పిన్ను వేయాలి. ఖాళీ ట్రాలీతో ఊరి బయటిదాకా వెళ్లి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూశా. రెండు వైపులా గోరువెచ్చగానే ఉన్నాయి. చెయ్యి నిలవనంత వేడి ఉంటే బిగుతు ఎక్కువైనట్టో, గ్రీజు లేనట్టో. అక్కడే వీల్ నట్లు కూడా ఎదురెదురుగా ఇంకోసారి బిగించా.

నెల మధ్యలో: హుక్కు, పిన్ను

ట్రాలీని ట్రాక్టరు హుక్కుకు కలిపే పిన్ను నడుమ బాగా అరిగి సన్నబడింది. సరైన మందం పిన్ను, కింద లాక్ క్లిప్పుతో తెచ్చా. చాలామంది చేతికి దొరికిన ఇనుప చువ్వ వేస్తారు, గుంతలో పడితే అది ఎగిరి బయటికి వస్తుంది. పిన్ను పోయినా ట్రాలీ విడిపోకుండా గొలుసు కూడా కట్టా. మలుపు తిరిగేంత వదులు ఉంచా, నేలకు మాత్రం తగలదు. తగిలించేది ఎప్పుడూ కింది హుక్కుకే. వెనక ఇరుసు కంటే పైన తగిలిస్తే బరువు లాగేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి.

నెలాఖరు: లైట్లు

కోతలప్పుడు సన్న వడ్ల ట్రాక్టర్లు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరుతాయి. అద్దంకి రోడ్డు మీద రాత్రంతా లారీలే. చీకట్లో లైటు లేకుండా ఆగిన ట్రాలీ వెనక వచ్చేవాడికి దగ్గరికొచ్చేదాకా కనపడదు. దీన్ని తలుచుకుంటేనే నాకు టెన్షన్. టెయిల్ ల్యాంపులు, ఇండికేటర్లు కొత్త వైరుతో వేశా. రేడియం స్టిక్కర్లు ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. వడ్ల దుమ్ము పట్టితే అవి మెరవవు, బయల్దేరే ముందు తడిగుడ్డతో తుడవాలి.

ఏప్రిల్: బరువుతో

సగం లోడుతో చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాం. బరువు ఇరుసుకు కాస్త ముందు వైపు ఎక్కువ ఉండేలా బస్తాలు సర్దాం. వెనక ఎక్కువైతే ట్రాలీ మూతి పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది. రోడ్డెక్కే ముందు ట్రాక్టరుకు వెనక చక్రానికొకటి చొప్పున ఉండే రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేశా. పొలంలో విడదీసిన లాక్ అలాగే ఉంటే, ఒక్క పెడల్ తొక్కగానే బండి పక్కకు తిరుగుతుంది. ఈ ట్రాలీకి సొంత బ్రేకులు లేవు కాబట్టి ఎక్కిన గేరులోనే దిగా.

"దిగేటప్పుడు క్లచ్ మీద కాలు పెట్టకు బిడ్డా, వెనక బరువు నెట్టుకొస్తది" అన్నాడు చిన్నాయన. న్యూట్రల్ చేసినా అంతే. ఇంజను పట్టు పోతే లోడంతా ట్రాక్టరును ముందుకు తోస్తుంది.

మిగిలిన పని: ట్రాలీ డబ్బాను పైకి లేపే జాక్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, పైపు మార్చాలి. డబ్బా లేపి కింద పని చేసేటప్పుడు అడ్డం పెట్టడానికి వెల్డింగ్ షాపులో ఇనుప ఊతం చేయిస్తున్నా. అది వచ్చేదాకా ఎత్తిన డబ్బా కిందికి ఎవరినీ పోనివ్వను.