ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి మారినప్పుడు రో దొరకని క్వెరీలతో నా అనుభవం

మా క్లయింటుది హోల్‌సేల్ బిల్లింగ్ అప్లికేషన్, ఏళ్ల తరబడి ఒరాకిల్ డేటాబేస్ మీదే నడిచింది, దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌కి మార్చే పని మా టీమ్‌కి వచ్చింది. టేబుల్స్, డేటా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కష్టమంతా ప్రొసీజర్లలోనే (డేటాబేస్ లోపలే నడిచే ప్రోగ్రాములు), అందులోనూ క్వెరీకి, అంటే డేటా అడిగే ప్రశ్నకి, ఒక్క రో (టేబుల్‌లో వరుస) కూడా రాని చోట.

ఒరాకిల్‌లో ప్రొసీజర్లు రాసే భాష పీఎల్/ఎస్‌క్యూఎల్, అది రాసేవాళ్లకి తెలిసిందే, క్వెరీ ఫలితాన్ని వేరియబుల్‌లో పెట్టే సెలెక్ట్ ఇంటూకి రో దొరక్కపోతే నో డేటా ఫౌండ్ అని ఎక్సెప్షన్ (పనిని ఆపే ఎర్రర్) వస్తుంది, ఓఆర్ఏ-01403. పాత కోడ్ మొత్తం దీన్నే నమ్ముకుని ఉంది, కస్టమర్‌కి స్పెషల్ డిస్కౌంట్ ఉందేమో వెతకడం, లేకపోతే ఆ ఎర్రర్‌ని పట్టుకునే ఎక్సెప్షన్ బ్లాక్‌లో సున్నా పెట్టడం. పోస్ట్‌గ్రెస్‌లో అదే కోడ్ ఏ ఎర్రరూ లేకుండా నడిచిపోతుంది కానీ ఆ బ్లాక్‌లోకి అసలు వెళ్లదు, వేరియబుల్‌లో నల్ (విలువే లేదని అర్థం) పడుతుంది అంతే. 1000 రూపాయల్లోంచి నల్ తీసేస్తే వచ్చేది 1000 కాదు, నల్. టెస్టింగ్‌లో డిస్కౌంట్ లేని కస్టమర్ల బిల్లులకి మాత్రమే టోటల్ ఖాళీగా వస్తుంటే అప్పుడు దొరికింది విషయం.

నల్ ఉంటే బదులుగా వేరే విలువ ఇచ్చే కోఅలెస్‌ని క్వెరీ లోపల పెడితే సరిపోతుంది కదా అని టీమ్‌లో అన్నారు. సరిపోదు. రో ఉండి అందులో కాలమ్ నల్ అయితే కోఅలెస్ సున్నా ఇస్తుంది, రోనే లేనప్పుడు అది ఎవరి మీద పనిచేస్తుంది? ఇంటూ అయ్యాక వేరియబుల్ మీద పెట్టాలి, లేదా ఇఫ్ నాట్ ఫౌండ్ (రో దొరక్కపోతే) అని చూసుకోవాలి.

ఇంటూ పక్కన స్ట్రిక్ట్ అని చేరిస్తే పోస్ట్‌గ్రెస్ కూడా ఒరాకిల్ లాగే ఎక్సెప్షన్ ఇస్తుంది, ఒకటి కంటే ఎక్కువ రోస్ వచ్చినా టూ మెనీ రోస్ అని ఆపేస్తుంది. స్ట్రిక్ట్ లేకపోతే మొదట వచ్చిన రో తీసుకుని మిగతావి వదిలేస్తుంది, నాకైతే నల్ కంటే ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే అంకె వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అలాగని అన్నిచోట్లా స్ట్రిక్ట్ పెట్టి ఎక్సెప్షన్ బ్లాక్‌లో పట్టుకోవడం కూడా మంచిది కాదు, పోస్ట్‌గ్రెస్‌లో ఆ బ్లాక్ ఖరీదైన వ్యవహారం, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే పెద్ద లూప్‌లో పెడితే బాగా స్లో అవుతుంది. లూపుల్లో నాట్ ఫౌండే వాడాం.

మొత్తం వేసే సమ్, అన్నిటికంటే పెద్దది తీసే మ్యాక్స్ ఉన్న క్వెరీలు వేరే కథ. రోలని గ్రూపులుగా విడగొట్టే గ్రూప్ బై లేకపోతే వాటికి ఎప్పుడూ ఒక రో వస్తుంది, డేటా లేకపోతే ఆ రోలో నల్ ఉంటుంది, కాబట్టి నాట్ ఫౌండ్ పనికిరాదు, ఈజ్ నల్ చూడాలి.

ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది, ఏ రో లేకపోయినా పర్వాలేదు, ఏది లేకపోతే బిల్లు ఆగాలి? డిస్కౌంట్ లేకపోవడం మామూలే. కానీ పాత కోడ్ జీఎస్‌టీ రేటు దొరక్కపోయినా సున్నా వేసేస్తోంది. ఇది మాకు మేం తేల్చేది కాదని వాళ్ల అకౌంట్స్ మేడమ్‌ని అడిగాం. "రేటు లేకపోతే బిల్లే అవ్వకూడదండి, సున్నా పడిందంటే రిటర్న్ వేసేటప్పుడు మేం ఎక్కడని వెతుక్కోవాలి" అన్నారు. అక్కడ స్ట్రిక్ట్ పెట్టి, ఎర్రర్ మెసేజ్‌లో ఐటమ్ కోడ్, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీలో సరుకు రకాన్ని చెప్పే నంబరు) రెండూ కనపడేలా రాశాం.