లాప్‌టాప్‌లో నడిచిన టెస్టు జెంకిన్స్‌లో ఎందుకు పడుతుంది: పాత్ సంగతి

ఒంగోలులోనో కావలిలోనో ఇంట్లో కూర్చుని రాసిన సెలీనియం (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే టూల్) టెస్టు మన లాప్‌టాప్‌లో శుభ్రంగా నడుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న జెంకిన్స్‌కి, అంటే టెస్టుల్ని తనంతట తానే నడిపే సర్వర్‌కి, ఎక్కించగానే 'కమాండ్ నాట్ ఫౌండ్' అని పడిపోతుంది. అప్పుడు టెస్టు కోడ్‌ని కెలకొద్దు. ముందు పాత్ చూడండి, అంటే కమాండ్‌ల కోసం మెషీన్ వెతికే ఫోల్డర్ల జాబితా.

బిల్డ్‌ని, అంటే జెంకిన్స్‌లో మీ టెస్టు నడిచే పనిని, నడిపేది మీరు కాదు, ఇంకో యూజర్. విండోస్‌లో జెంకిన్స్ సర్వీసు చాలాచోట్ల లోకల్ సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది. మీ యూజర్ వేరియబుల్స్‌లో చేర్చిన ఫోల్డర్ దానికి కనపడదు. సిస్టమ్ వేరియబుల్స్‌లో చేర్చి, సర్వీసు రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ చేయకపోతే మొదలైనప్పుడు తీసుకున్న పాత పాత్‌నే పట్టుకుని ఉంటుంది. లినక్స్‌లో తంటా అంతా బాష్‌ఆర్‌సీతో, అంటే టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ చదివే సెట్టింగ్స్ ఫైలుతో. ఉబుంటులో ఆ ఫైలు పైనే, ఇంటరాక్టివ్ షెల్ (మనిషి కూర్చుని టైప్ చేసేది) కాకపోతే అక్కడే ఆగిపొమ్మనే లైన్లు ఉంటాయి. వాటి కింద మీరు ఎన్ని ఎక్స్‌పోర్ట్‌లు రాసినా బిల్డ్ చదవదు.

చాలాసార్లు సర్వర్ మన చేతిలో ఉండదు, ఉన్నదల్లా బిల్డ్ ఏం చేసిందో చూపించే కన్సోల్ లాగ్ ఒక్కటే. కాబట్టి బిల్డ్ మొదటి స్టెప్పులోనే హూఆమై (ఏ యూజరో చెప్పే కమాండ్) కొట్టించి, పాత్‌ని ఎకో చేయించండి. విండోస్ అయితే 'వేర్ జావా', లినక్స్ అయితే 'విచ్ -ఏ జావా' కూడా పెట్టండి. ఎన్ని జావాలున్నాయో వరసగా బయటపడతాయి. నెల్లూరు వీధిలో "పెంచలయ్యా" అని కేకేస్తే ముందు ఎదురైన పెంచలయ్యే పలుకుతాడు. పాత్ కూడా అంతే, ముందున్న ఫోల్డర్‌లోదే నడుస్తుంది.

జావా ప్రాజెక్టుల్ని బిల్డ్ చేసే మేవెన్ మాత్రం జావా_హోమ్ (జావా ఎక్కడుందో చెప్పే వేరియబుల్) ఉంటే దాన్నే నమ్ముతుంది. అందుకే 'జావా -వెర్షన్' 17 అని, 'ఎంవీఎన్ -వీ' 8 అని చూపించే వింత జరుగుతుంది. జావా_హోమ్‌లో జేడీకే ఫోల్డర్ ఇవ్వాలి, దాని లోపలి బిన్ కాదు.

విండోస్‌లో సెట్‌ఎక్స్ కమాండ్‌తో పాత్ మార్చే అలవాటుంటే మానుకోండి. 1024 అక్షరాలు దాటింది కత్తిరించేస్తుంది.

నన్నడిగితే మెషీన్ జోలికి పోకుండా జెంకిన్స్‌ఫైల్‌లోనే (బిల్డ్ స్టెప్పులు రాసే ఫైలు) పెట్టడం మేలు. అందులో వేరియబుల్స్ ఇచ్చే విత్‌ఎన్వ్‌లో 'పాత్+క్రోమ్=/ఆప్ట్/క్రోమ్‌డ్రైవర్' అని రాస్తే ఆ ఫోల్డర్ పాత్ ముందు చేరుతుంది. ఆ ప్లస్ మర్చిపోయి ఉత్త 'పాత్=' అని రాశారో, ఉన్న పాత్ మొత్తం పోయి, నోహప్ లాంటి మామూలు లినక్స్ కమాండ్ కూడా దొరకలేదని బిల్డ్ ఏడుస్తుంది.

సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజరే డ్రైవర్‌ని, అంటే టెస్టుకీ బ్రౌజర్‌కీ మధ్య నిలిచే ప్రోగ్రామ్‌ని, తెచ్చుకుంటుంది. అయినా పాత్‌లో పాత క్రోమ్‌డ్రైవర్ కనబడితే దాన్నే వాడుతుంది. ఈలోపు క్రోమ్ అప్‌డేట్ అయితే 'సెషన్ నాట్ క్రియేటెడ్' వస్తుంది. ఆ పాతదాన్ని తీసేయండి. నెట్ లేని ఏజెంట్ (జెంకిన్స్ బిల్డ్‌ని నడిపే మెషీన్) అయితే మేనేజర్ డౌన్‌లోడ్ చేయలేదు కాబట్టి డ్రైవర్‌ని పాత్‌లో ఉంచక తప్పదు. అక్కడ క్రోమ్, డ్రైవర్ రెండూ ఒకే మేజర్ వెర్షన్‌లో ఉంచి, క్రోమ్ ఆటో అప్‌డేట్ ఆపేయండి.