తెల్లవారుజాము దాకా మాస్క్

నా గురక మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. మా ఆవిడకు నిద్ర లేకుండా చేసింది గురక కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోవడం. "ఏమండీ, మీకు ఊపిరి ఆగిపోతోందండీ. నేను తట్టి లేపితే గానీ మళ్లీ ఆడటం లేదు" అని ఏడాది పాటు చెప్పింది. నేను వినలేదు. పర్లాకిమిడిలో మాది బట్టల కొట్టు. మధ్యాహ్నం గల్లా దగ్గర కూర్చుంటే చాలు, కునుకు పట్టేసేది. పని అలసటే అనుకున్నాను.

ఆ ఏడాదే షుగర్ అదుపు తప్పింది. రాత్రి రెండు పుల్కాలతో సరిపెట్టినా పొద్దున్న పరగడుపున 170కి తగ్గేది కాదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.6 వచ్చింది. మొదట చూపించుకున్న చోట మాత్రలు పెంచారు. నిద్ర ఎలా పడుతోందని ఎవరూ అడగలేదు. గురకకూ షుగర్‌కూ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు, నేనూ చెప్పలేదు.

చివరికి ఆవిడే పట్టుబట్టి విశాఖ ప్యాసింజర్ ఎక్కించింది. అక్కడ ఒంటికి తీగలు అతికించి రాత్రంతా స్లీప్ స్టడీ చేశారు. గంటకు సగటున 42 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడటమో జరుగుతోంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారట, 30 దాటితే తీవ్రమైనదే. ఆక్సిజన్ ఒక దశలో 76 శాతానికి పడిపోయింది. ఆ కాగితం చూసి మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ పడిన ప్రతిసారీ, ఏదో ప్రమాదం ముంచుకొచ్చినట్టు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. దాంతో కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. అంటే ఏమీ తినకుండానే రాత్రంతా నా షుగర్ పెరుగుతోందన్నమాట.

సీపాప్ మెషిన్ కొన్నాం. మాస్క్‌లోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది. నాకేమో అది పెట్టుకుంటే టెన్షన్. ఏ రెండింటికో మూడింటికో నిద్రలోనే పీకేసేవాణ్ని. మూడు నెలలకు పగటి మగత కొంత తగ్గింది గానీ హెచ్‌బీఏ1సీ 8.3 దగ్గరే ఆగింది. ఇంత డబ్బు పోసి ఏం లాభమని దిగులుపడ్డాను.

మాస్క్ ఎప్పుడెప్పుడు పెట్టుకున్నానో నమోదయ్యే మెషిన్ కార్డు చూసి డాక్టరు గారు, "మీరు తీసేస్తున్న వేళే అసలైనదండీ" అన్నారు. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుందట. అప్పుడు కండరాలు మరీ వదులై ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. సరిగ్గా ఆ వేళకే నేను మాస్క్ తీసి పక్కన పడేస్తున్నాను! ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాస్క్ సైజు మార్చారు. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకున్నాను. మా వైపు గాలివానకు కరెంటు పోవడం మామూలే. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్‌కి కలిపాం. నడిరాత్రి నేను కదిలితే ఆవిడే పట్టీ సరిచేసి, "పడుకోండి, ఇంకా తెల్లారలేదు" అనేది.

మరో మూడు నెలలకు పరగడుపు షుగర్ 130ల్లోకి దిగింది, హెచ్‌బీఏ1సీ 7.4. అదంతా మెషిన్ వల్లే అనుకోవద్దన్నారు డాక్టరు గారు. సీపాప్‌తో షుగర్ అందరికీ ఒకేలా తగ్గదట, పరిశోధనల్లోనూ ఫలితాలు ఒక్కతీరుగా లేవట. మాత్రలు మానలేదు. మగత వదిలాక పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డున నడుస్తున్నాను, నాలుగు కిలోలు తగ్గాను. అదీ కలిసొచ్చింది.

మొన్న గాలివానకు అర్ధరాత్రి కరెంటు పోయింది. మెషిన్ ఆగలేదు. తెల్లారి నేను లేచేసరికి మా ఆవిడ ఇంకా గాఢ నిద్రలోనే ఉంది.